బ్యాటరీ బాగానే ఉంది, కంపెనీ ఎందుకు మూతపడింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మెటీరియల్స్ ఇంజనీరింగ్‌లో ఎంటెక్ పూర్తయింది. సోడియం అయాన్ సెల్లులు, అంటే లిథియానికి బదులు సోడియంతో పనిచేసే బ్యాటరీ సెల్లులు, తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇంతలో అమెరికాలో నాట్రాన్, స్వీడన్‌లో నార్త్‌వోల్ట్ అనే బ్యాటరీ కంపెనీలు మూతపడ్డాయని చదివి గుండె గుభేలుమంది. "టెక్నాలజీ అంత గొప్పదైతే కంపెనీ ఎలా మునిగింది? ఏదో లోపాన్ని దాచిపెట్టారా?" అన్నది మీ అనుమానం. చివర్లో, ఇంటిమీది సోలార్‌కు మీ నాన్నగారు కొత్తరకం బ్యాటరీ కొనాలనుకుంటున్నారని కూడా రాశారు.

దాచిపెట్టిన లోపాలు ఉండవని అనను, కానీ అవి తక్కువ. నేను 26 ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదటి పదకొండేళ్ళు లెడ్ యాసిడ్, ఆ తరవాత లిథియం. నేను చూసినంతలో కొత్త బ్యాటరీ కంపెనీని చంపేది రసాయనశాస్త్రం కాదు. ప్రయోగశాలలో పదిసార్లు పనిచేసిన సెల్లును ఫ్యాక్టరీలో పదిలక్షల సార్లు ఒకేలా చేయడం నేర్చుకోవాలి. ఆ చదువు పూర్తయ్యేలోపు ఫీజు కట్టే డబ్బు అయిపోతుంది. ఎన్నాళ్ళు పడుతుందో ముందుగా చెప్పగలిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. నేను వేసిన అంచనాలు కూడా అన్నీ తప్పాయి.

ఆ చదువు ఎలా ఉంటుందో ఒక్క సంఘటన చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం నేను ఒక చిన్న లిథియం సెల్లుల ప్లాంటులో నాణ్యత విభాగం చూసేవాణ్ణి. పేరు వద్దు, ఇప్పుడది లేదు కూడా. అల్యూమినియం రేకు మీద కాథోడు, అంటే సెల్లులోని ధన ధ్రువం, పదార్థాన్ని ముద్దలా పూసి, ఆరబెట్టి, రోలర్ల మధ్య నొక్కి, వెడల్పాటి చుట్టను గుండ్రటి బ్లేడ్లతో సన్నని పట్టీలుగా కోస్తారు. ఆ బ్లేడ్లలో ఒకటి మొద్దుబారింది. మొద్దు బ్లేడు రేకును కోయదు, చింపుతుంది. చింపినచోట అంచున కంటికి ఆనని లోహపు ముల్లు నిలబడుతుంది. కాథోడుకూ, రుణ ధ్రువమైన ఆనోడుకూ మధ్య ఉండే ప్లాస్టిక్ పొర మందం 20 మైక్రాన్లకు అటూఇటూ, అంటే మన తల వెంట్రుకలో మూడో వంతు కూడా కాదు. ఆ ముల్లు దానిలోకి దిగబడింది.

సెల్లు వెంటనే చచ్చిపోతే బాగుండేది. అలా జరగలేదు. కొత్త సెల్లుకు మొదటిసారి ఛార్జింగు చాలా నెమ్మదిగా పెడతారు, లోపల ఆనోడు మీద ఒక రక్షణ పొర ఏర్పడాలి కాబట్టి. ఆ తరవాత అరల్లో పెట్టి రెండు మూడు వారాలు ముట్టుకోకుండా వదిలేస్తారు. ఆవకాయ మూడో రోజు మూత తీసి కలిపితేగాని ఉప్పు సరిపోయిందో లేదో తెలియనట్లే, ఇక్కడా ఊరినాకగాని సంగతి బయటపడదు. వోల్టేజి మొదట ఒకసారి, చివర ఒకసారి కొలుస్తారు. ఉండవలసిన దానికంటే నాలుగు మిల్లీవోల్టులు ఎక్కువ జారితే లోపల ఎక్కడో కారుతున్నట్టు లెక్క. మేము ఆ జారుడును పట్టుకునేసరికి 19 రోజులైంది. ఆ 19 రోజులూ అదే బ్లేడు రోజంతా తిరుగుతూనే ఉంది. ఏ సెల్లుకు ముల్లు దిగిందో విడదీసి చెప్పడానికి దారి లేదు, మొత్తం పారేశాం. బ్లేడు ఖరీదు కొన్ని వేలు. పోయిన సరుకు విలువ, అప్పుడు కంపెనీ ఖాతాలో ఉన్న జీతాల డబ్బుకంటే ఎక్కువ. మా మేనేజరు రిజెక్టు డబ్బాల దగ్గర స్టూలు వేసుకుని చాలాసేపు కూర్చోవడం నాకింకా గుర్తుంది.

ఒక చిన్న లెక్క చెబుతాను, కాగితం మీద చేసి చూడండి. సెల్లు తయారీలో ఇరవై అంచెలు ఉన్నాయనుకోండి. ప్రతి అంచెలో నూటికి 99 సరిగ్గా వస్తున్నాయి. ప్రయోగశాలలో దీన్ని అద్భుతమంటారు. ఇరవై అంచెలు దాటాక చేతికి వచ్చేవి 82 సెల్లులే. మిగిలిన 18 సెల్లుల్లోనూ లిథియం, రాగి, కరెంటు, కూలి అన్నీ ఖర్చయ్యాయి. పైగా సెల్లు లోపలి ద్రవాన్ని, అంటే ఎలక్ట్రోలైట్‌ను, నింపే గదిలో గాలి ఎంత పొడిగా ఉండాలంటే, మంచు పట్టే ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీల కిందికి పోవాలి. నలుగురు మనుషులు లోపలికి వెళ్తే వాళ్ళ ఊపిరిలోని తేమను కూడా యంత్రం పీల్చేయాలి. ఆ గదిలో సెల్లులు తయారైనా, కాకపోయినా, యంత్రం ఆపకూడదు. కరెంటు బిల్లు ఉత్పత్తిని చూసి రాదు.

ఇప్పుడు పెద్ద పేర్ల సంగతి. నా దృష్టిలో ఈ రంగంలోకి వచ్చే ప్రతివారూ మొదట చదవవలసిన కథ ఏ123 సిస్టమ్స్‌ది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యుడు యెట్ మింగ్ చియాంగ్ తదితరులు 2001లో పెట్టిన కంపెనీ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే కాథోడును అతి సన్నని రేణువులుగా చేసి, జోరుగా కరెంటు ఇచ్చే సెల్లులు తీశారు. అమెరికా ప్రభుత్వం 24.9 కోట్ల డాలర్ల గ్రాంటు ప్రకటించింది. 2009 సెప్టెంబరులో షేరు మార్కెట్లోకి వచ్చిన మొదటి రోజే వాటా విలువ సగానికి సగం పెరిగింది. మిషిగన్‌లోని లివోనియాలో భారీ ఫ్యాక్టరీ కట్టారు. ఫిస్కర్ అనే కంపెనీ తీసిన ఖరీదైన కారుకు బ్యాటరీలు సరఫరా చేయడం మొదలుపెట్టారు.

2012 మార్చిలో ఒక పరీక్షలో ఆ కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. తవ్వి చూస్తే బయటపడింది రసాయన లోపం కాదు. లివోనియాలో నాలుగు వెల్డింగు యంత్రాల్లో ఒకదాని కొలత సరిగ్గా అమర్చలేదు. ఒక భాగం కాస్త పక్కకు జరిగింది. అంతే. బ్యాటరీలు వెనక్కి తెప్పించి మార్చడానికి కంపెనీ ఇచ్చిన అంచనా 5.5 కోట్ల డాలర్లు. అసలే నష్టాల్లో ఉన్న కంపెనీ, కొనేవాళ్ళు ఇద్దరు ముగ్గురు, వాళ్ళలో ఫిస్కర్ కూడా మునుగుతున్న పడవే. అక్టోబరులో దివాలా పిటిషను వేశారు. చైనాకు చెందిన వాన్‌షియాంగ్ సుమారు 25.7 కోట్ల డాలర్లకు కొనుక్కుంది, ఇంచుమించు ప్రభుత్వం ప్రకటించిన గ్రాంటు అంత డబ్బుకు.

మీ ప్రశ్నకు సంబంధించిన అసలు ముడి ఇక్కడే ఉంది. ఏ123 నమ్ముకున్న ఐరన్ ఫాస్ఫేట్ తప్పుడు పందెమా? కానే కాదు. ఇవాళ ప్రపంచంలో అమ్ముడవుతున్న విద్యుత్ వాహనాల బ్యాటరీల్లో దాదాపు సగం అదే రసాయనం. మన ఊళ్ళలో తిరుగుతున్న ఈ-ఆటోల్లో చాలావాటి సీటు కింద ఉన్నదీ అదే. పందెం సరైనదే, గెలుపు మాత్రం పది పన్నెండేళ్ళు ఆలస్యంగా, వేరేవాళ్ళ ఇంటికి వెళ్ళింది.

నార్త్‌వోల్ట్‌ను ఈ జాబితాలో వేయడం నాకు కొంచెం అభ్యంతరం, ఎందుకంటే వాళ్ళ ప్రధాన ఉత్పత్తి కొత్త రసాయనం కాదు. టెస్లాలో పనిచేసిన పీటర్ కార్ల్‌సన్ 2016లో మొదలుపెట్టారు. ఉత్తర స్వీడన్‌లోని షెలెఫ్టెయోలో, జలవిద్యుత్తు చవకగా దొరికేచోట ఫ్యాక్టరీ పెట్టి, అందరూ చేసే నికెల్ రకం లిథియం సెల్లులే చేయబోయారు. అప్పులూ వాటాలూ కలిపి 1,500 కోట్ల డాలర్లు పైగా సేకరించారు. 2021 డిసెంబరులో మొదటి సెల్లు వచ్చింది. ఆ తరవాత 2023లో ఫ్యాక్టరీ సామర్థ్యంలో ఒక్క శాతం కూడా ఉత్పత్తి కాలేదు. 2024లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరు రద్దుచేసుకుంది. అదే ఏడాది నవంబరులో అమెరికా కోర్టులో రక్షణ కోరినప్పుడు చేతిలో ఉన్న నగదు 3 కోట్ల డాలర్లు, నెత్తిన ఉన్న అప్పు 580 కోట్లు. 2025 మార్చి 12న స్వీడన్‌లో దివాలా ప్రకటించారు. డబ్బు లేక చచ్చిన కంపెనీ కాదిది. డబ్బు ఎక్కువై, ఒక్క ఫ్యాక్టరీ కుదుటపడకముందే జర్మనీ, కెనడాలలో ఇంకో రెండు తలపెట్టి, ముడిపదార్థాల తయారీ, పాత బ్యాటరీల రీసైక్లింగు కూడా తామే చేస్తామని చేతులు చాచిన కంపెనీ. నిచ్చెన మొదటి మెట్టు మీద తడబడుతున్నవాళ్ళకు అటక మీది సామానంతా అప్పజెప్పారు. సెల్లు తయారీ తెలిసిన పాతకాపులు, ఎక్కువగా కొరియా, చైనా, జపాన్‌లవాళ్ళు, ఒక లైను కుదిరేదాకా రెండో లైను మాట ఎత్తరు.

ఇక నిజంగా కొత్త రసాయనాల సంగతి. వీటికి ఫ్యాక్టరీ కష్టాలకు తోడు మరో కష్టం ఉంది. పరుగెత్తే గమ్యం. ఒక యూనిట్ కరెంటును, అంటే మీ ఇంటి బిల్లులో వచ్చే ఒక యూనిట్‌ను, నిల్వ చేయగల లిథియం ప్యాకు సగటు ధర 2010లో 1,000 డాలర్లు దాటి ఉండేది. 2024లో 115 డాలర్లు. కొత్త కంపెనీ పెట్టేవాడు ఆ రోజు లిథియం ధర చూసి, "మేము దానికంటే 30 శాతం చవకగా ఇస్తాం" అని మదుపరులకు చూపిస్తాడు. ఫ్యాక్టరీ తలుపులు తెరుచుకునేనాటికి లిథియం ధర వాడు చెప్పినదానికంటే కిందికి పోయి ఉంటుంది. వాడు అబద్ధం చెప్పలేదు, కానీ మాట నిలబడలేదు.

అక్వియన్ ఎనర్జీకి అచ్చంగా ఇదే జరిగింది. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జే విటేకర్ రూపొందించిన ఉప్పునీటి బ్యాటరీ అది. మంట అంటుకోదు, విషపదార్థాలు లేవు. ఒకప్పుడు ఫోక్స్‌వ్యాగన్ కార్లు, ఆ తరవాత సోనీ టీవీలు తయారైన పాత షెడ్డులో ఫ్యాక్టరీ పెట్టారు. బిల్ గేట్స్ డబ్బు పెట్టారు. 2008లో మొదలై 2017 మార్చిలో దివాలా తీసింది. నేను ఆ బ్యాటరీని మెచ్చుకునేవాణ్ణి, ఇప్పటికీ మెచ్చుకుంటాను. ఒక్క చిక్కు, అది చాలా బరువు, చాలా చోటు తింటుంది. చవకగా ఉన్నంతకాలం ఆ బరువును ఎవరైనా క్షమిస్తారు. లిథియం ధర నాలుగైదో వంతుకు పడ్డాక ఎందుకు క్షమించాలి?

సోడియానికి వద్దాం, మీకు కావలసింది ఇదే. సోడియం లిథియంకంటే మూడు రెట్లు బరువైన పరమాణువు, వోల్టేజి కూడా కొంచెం తక్కువ, కాబట్టి కిలోకు నిల్వ తగ్గుతుంది. బదులుగా ముడిసరుకు సముద్రమంత ఉంది. రాగి రేకు అక్కరలేదు, రెండు వైపులా అల్యూమినియమే చాలు. చలిలో బాగా పనిచేస్తుంది. పూర్తిగా సున్నా వోల్టులకు దించి లారీలో పంపవచ్చు. ఈ వాదనలన్నీ నిజమే. కానీ ఈ వాదనలకు మదుపరులు చెవి ఒగ్గిన కాలం ఏది? 2022. ఆ నవంబరులో చైనాలో లిథియం కార్బొనేట్ అనే ముడిసరుకు టన్ను ఇంచుమించు 6 లక్షల యువాన్లు. లిథియం ఇక దొరకదేమో అన్న భయంలో సోడియం కంపెనీలకు చెక్కులు రాశారు. 2024 వచ్చేసరికి అదే టన్ను లక్ష యువాన్లలోపు. భయం పోయింది, చెక్కులూ పోయాయి. బెడ్‌రాక్ మెటీరియల్స్ అనే అమెరికా సోడియం కంపెనీ 2025లో ఈ లెక్క చూసుకుని, చేతిలో మిగిలిన డబ్బులో ఎక్కువ భాగం మదుపరులకు తిరిగి ఇచ్చి తలుపులు మూసుకుంది. ఈ రంగంలో అంత మర్యాదగా వెళ్ళిపోయినవాళ్ళు అరుదు.

నాట్రాన్ అలా వెళ్ళలేదు. 2012లో స్టాన్‌ఫోర్డ్ నుంచి వచ్చిన కంపెనీ. ఎలక్ట్రోడ్లు రెండూ ప్రష్యన్ బ్లూ జాతి పదార్థాలతోనే, పాతకాలపు ఇంజనీర్ల బ్లూప్రింట్ల నీలం అదే. కిలోకు నిల్వ తక్కువే, కానీ కొద్ది నిమిషాల్లోనే మొత్తం కరెంటు కుమ్మరించగలదు, వేలకు వేల సార్లు అరగకుండా. కార్లకు పనికిరాదని వాళ్ళే ఒప్పుకుని, డేటా సెంటర్లకు అమ్మబోయారు. తెలివైన ఎంపిక. 2024 ఏప్రిల్‌లో మిషిగన్‌లోని హాలండ్‌లో ఉత్పత్తి మొదలైంది. నాలుగు నెలలకే నార్త్ కరోలినాలో 140 కోట్ల డాలర్ల రెండో ఫ్యాక్టరీ ప్రకటించారు. 2025 సెప్టెంబరు వచ్చేసరికి రెండూ లేవు. నన్ను బాధించేది ఒక చిన్న వివరం. రెండున్నర కోట్ల డాలర్ల ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, కానీ యూఎల్ అనే అమెరికా పరీక్షా సంస్థ ఇచ్చే భద్రతా ధృవీకరణ రాలేదు. ధృవీకరణ లేనిదే సరుకు కదలదు, సరుకు కదలనిదే మదుపరులు తరవాతి విడత ఇవ్వరు. ఆ మధ్యలో జీతాలు ఆగవు. పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు అన్నట్టే.

ఇది చదివి సోడియం పనైపోయిందని తేల్చకండి. చైనాలోని పెద్ద బ్యాటరీ కంపెనీ సీఏటీఎల్ 2021లో తన మొదటి సోడియం సెల్లు చూపించింది, 2025 ఏప్రిల్‌లో నాక్స్‌ట్రా పేరుతో కొత్త తరాన్ని ప్రకటించింది. వాళ్ళకు లిథియం లాభాలు ఉన్నాయి, సోడియం లైను ఐదేళ్ళు నష్టపోయినా అడిగేవాడు లేడు. లిథియం లైను మీద వాడే పూత యంత్రం, కోత యంత్రం, ఛార్జింగు అరలు సోడియానికీ చాలావరకు సరిపోతాయి. వాళ్ళు కొత్త వంటకం పాత వంటింట్లోనే చేస్తున్నారు. చిన్న కంపెనీ వంటిల్లు కట్టుకుంటూ, వంట నేర్చుకుంటూ, అదే రోజు భోజనం అమ్మాలి.

డబ్బుంటే చాలు బతుకుతారా అంటే, కొంతవరకు అవును. క్వాంటమ్‌స్కేప్‌ను చూడండి. సెల్లులో ద్రవానికి బదులు ఘన ఎలక్ట్రోలైట్ వాడే కంపెనీ, చెప్పుకోదగ్గ అమ్మకాలు లేకుండానే 2020 చివర్లో దాని వాటా 130 డాలర్లు తాకింది, ఆ తరవాత 5 డాలర్లకూ దిగింది. వాటా కొన్నవాళ్ళు కాలిపోయారు, కంపెనీ మాత్రం ఆ సంబరంలో పోగేసుకున్న నగదుతో ఇంకా పని చేసుకుంటోంది.

మన దేశం సంగతి రెండు ముక్కల్లో. 2021లో కేంద్రం 18,100 కోట్ల రూపాయల ప్రోత్సాహకంతో 50 గిగావాట్ అవర్ల (ఒక గిగావాట్ అవర్ అంటే పది లక్షల యూనిట్లు) సెల్లుల ఫ్యాక్టరీలు రావాలని పథకం పెట్టింది. గెలిచినవాళ్ళలో ఎక్కువమంది గడువు అందుకోలేకపోయారు. యంత్రాలు చైనావి, వాటిని అమర్చే నిపుణులకు వీసాలు ఆలస్యం, అమర్చాక పైన చెప్పిన ఇరవై అంచెల చదువు. రిలయన్స్ ఇంగ్లండ్‌లోని ఫారడియాన్ అనే సోడియం కంపెనీని 10 కోట్ల పౌండ్ల లెక్కన కొన్నది, ద్రవలోహపు బ్యాటరీ తయారుచేసే అమెరికా కంపెనీ ఆంబ్రీలోనూ డబ్బు పెట్టింది. ఆంబ్రీ 2024లో దివాలాకు వెళ్ళింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా కడుతున్న గిగా ఫ్యాక్టరీ మీద నాకు కాస్త ఆశ ఉంది, కారణం భావోద్వేగం కాదు. లెడ్ యాసిడ్ వ్యాపారం నెలనెలా డబ్బు తెస్తుంది కాబట్టి వాళ్ళు తప్పులు చేసి నేర్చుకునే స్తోమత ఉన్నవాళ్ళు.

మీ ఉద్యోగం విషయానికి వద్దాం. చేరమనే చెబుతాను, కానీ కళ్ళు తెరుచుకుని. చేరేముందు అడగడానికి సిగ్గుపడకండి: ఇప్పుడున్న డబ్బు ఎన్ని నెలలకు వస్తుంది? పద్దెనిమిది నెలలకంటే తక్కువైతే తరవాతి విడత ఏ షరతు మీద వస్తుంది? భారత ప్రమాణాల ధృవీకరణ పరీక్షకు సెల్లులు పంపారా, లేక "త్వరలో" పంపుతారా? కొంటామని చెప్పినవాళ్ళు సంతకం పెట్టారా, అడ్వాన్సు ఇచ్చారా? అవగాహన ఒప్పందాల ఫోటోలు గోడకు తగిలించి ఉంటే వాటిని లెక్కలో వేయకండి, నేనూ అలాంటి ఫోటోల్లో నవ్వుతూ నిలబడ్డాను. జీతంలో భాగంగా వాటాలు ఇస్తామంటే సంతోషంగా తీసుకోండి, ఇంటి అద్దెకు మాత్రం చేతికొచ్చే నగదే సరిపోవాలి.

ప్లాంటు చూపిస్తామంటే మీటింగు గదిలో ప్రదర్శన చూసి వచ్చేయకండి. రిజెక్టు సెల్లులు ఎక్కడ పెడతారో చూపించమనండి. ప్రతి సెల్లు మీద ఎందుకు తీసేశారో, ఏ తేదీన తీసేశారో రాసిన చీటీ ఉంటే అక్కడ ఎవరో పని తెలిసినవాళ్ళున్నారు. "మాకు రిజెక్టులు పెద్దగా రావండీ" అంటే నేనైతే తిరుగు బస్సు చూసుకుంటాను. చేరాక మాత్రం ఆనోడు పరిశోధన కావాలని పట్టుబట్టకండి, పూత యంత్రం మీదో, ఛార్జింగు అరల దగ్గరో రెండేళ్ళు పని చేయండి. కంపెనీ పోయినా ఆ పని దివిటిపల్లిలోనూ పనికొస్తుంది, హోసూరులోనూ పనికొస్తుంది. ఏ123 దివాలా తీసి చేతులు మారాక, ఒక పెద్ద ఫోన్ల కంపెనీ తమ ఇంజనీర్లను లాగేసుకుంటోందని కొత్త యజమానుల చేతిలోని ఏ123 కోర్టుకు కూడా వెళ్ళింది.

నాన్నగారికి చెప్పండి, ఇంటికి ప్రస్తుతం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాకే తీసుకోమని, అదీ మీ ఊళ్ళో సర్వీసు మనిషి ఉన్న కంపెనీది. పదేళ్ళ వారంటీ కాగితం మీద సంతకం పెట్టిన కంపెనీకి మూడేళ్ళ వయసైతే, ఆ కాగితాన్ని మూడేళ్ళ వారంటీగానే చదువుకోవాలి. సోడియం ప్యాకు కొనవలసివస్తే ఇన్వర్టరు దాని వోల్టేజి పరిధిని తట్టుకుంటుందో లేదో ముందు కనుక్కోండి. సోడియం సెల్లు నిండుగా ఉన్నప్పటి వోల్టేజికీ, ఖాళీ అయినప్పటి వోల్టేజికీ చాలా తేడా ఉంటుంది, పాత ఇన్వర్టర్లు ఇంకా ఛార్జి ఉండగానే "ఖాళీ" అని ఆగిపోవచ్చు.

ఇంకొక్క మాట, ఆఫర్ కాగితంలో నోటీసు పీరియడ్ మూడు నెలలని ఉంటే ఒక నెలకు తగ్గించమని అడగండి.